గీత అవతలి మనిషి

'నాటు నాటు' పాట చూడనివాళ్ళు ఎవరైనా ఉంటే ఈ పేజీ తిప్పేసి ముందుకెళ్ళిపోవచ్చు! ఎవరూ తిప్పరని నాకు తెలుసులెండి. సరే, ఓ చిన్న ప్రశ్న. ఆ పాటలో ఎన్టీఆర్, రామ్‌చరణ్ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నాలుగు కాళ్ళూ ఒకే మనిషివా అన్నట్టు ఆడిస్తారు చూశారూ, ఆ అడుగులు కుదిర్చినవాడి పేరు టక్కున చెప్పగలరా?

ప్రేమ్ రక్షిత్. 2021లో కీవ్ నగరంలో, ఉక్రెయిన్ అధ్యక్షుడి భవనం ముందు ఆ పాట తీశారు. 2023 మార్చిలో ఆస్కారు వచ్చింది. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కి అందుకున్నారు. న్యాయమే, అది పాటకిచ్చే బహుమతి. డాన్సు మాస్టరుకి ఇవ్వడానికి ఆస్కారులో అసలు బహుమతే లేదు మరి!

నాకీ జబ్బు చిన్నప్పట్నించీ ఉంది. చీరాలలో నేల టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్న రోజుల్లో కూడా, టైటిల్సు పడుతుంటే అందరూ హీరో పేరు కోసం ఈల వేసేవాళ్ళు, నేను మాత్రం 'నృత్యం' అన్న మాట పక్కన ఏ పేరుందో చూసేవాణ్ణి. హీరాలాలా, సలీమా, సుందరం మాస్టరా? ఎందుకంటే తెరమీద ఇద్దరు మనుషులు ఒక్క ఊపిరితో కదిలారంటే, తెర వెనక మూడోవాడు ఒకడు గొంతు చించుకుని ఉంటాడని నా నమ్మకం. ఆ మూడోవాడి గురించే ఈ కబుర్లు.

ముందు కాస్త దూరం పోయొద్దాం. రష్యాకి.

అక్కడ తమారా మోస్క్వినా అని ఒకావిడ ఉంది. 1941లో లెనిన్‌గ్రాడ్‌లో పుట్టింది. మనిషి పొట్టి. మంచుమీద జంట స్కేటింగు ఆవిడ విద్య. అదెలా ఉంటుందంటే, గాజులాంటి మంచుమీద కత్తిలాంటి ఇనప పట్టీలున్న బూట్లు తొడుక్కుని ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ పాటకి తగ్గట్టు తిరుగుతారు. మధ్యలో అబ్బాయి అమ్మాయిని గాల్లోకి విసురుతాడు. ఆ అమ్మాయి మూడు చుట్లు తిరిగి ఒంటికాలిమీద దిగాలి. మన యుగళగీతాల్లోలాగా 'కట్' చెప్పి మళ్ళీ తీసే వసతి లేదు!

మోస్క్వినా కూడా మొదట స్కేటింగు మనిషే. అలెక్సీ మిషిన్‌తో జంటకట్టి 1969 ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చింది. ఆ తర్వాత గట్టుమీదికొచ్చి, ఇతరుల్ని జంటలుగా తయారుచెయ్యడం మొదలెట్టింది. 1984, 1992, 1998, 2002... ఈ నాలుగు ఒలింపిక్సుల్లోనూ జంటల బంగారు పతకం ఆవిడ శిష్యులదే. అందులో రెండు కథలు సినిమా తీయదగ్గవి.

ఒకటి, అర్తూర్ ద్మిత్రియెవ్ కథ. 1992లో నతాలియా మిష్కుతియోనక్‌తో కలిసి బంగారం గెలిచాడు. తర్వాత ఆ అమ్మాయి ఆట మానేసింది. జంట విడిపోతే సగం మనిషి ఏం చేస్తాడు? మోస్క్వినా అతనికి ఒక్సానా కజకోవాని తెచ్చి పక్కన నిలబెట్టింది. 1995లో ఆ కొత్త జంట మొదలు. 1998లో నగానోలో మళ్ళీ బంగారం! ఒకే మనిషి, ఇద్దరు వేరు వేరు తోడులతో.

రెండోది యెలీనా బెరెజ్‌నాయా కథ. 1996 జనవరిలో సాధన చేస్తుండగా, అప్పటి జోడీ బూటు పట్టీ తలకి తగిలి పుర్రెలోకి దిగింది. ఆపరేషన్లు చేశారు. మాట మళ్ళీ నేర్చుకోవాల్సొచ్చింది. అలాంటి పిల్లని మోస్క్వినా, అంతోన్ సిఖరులీద్జెతో జతచేసి మంచుమీదికి దింపింది. రెండేళ్ళకి రజతం, 2002లో సాల్ట్‌లేక్ సిటీలో బంగారం. ఆ బంగారం మీద జడ్జీల గొడవై కెనడా జంటకి కూడా ఇంకో బంగారం ఇచ్చారు. అదో పెద్ద రభస, మనకొద్దు.

మంచు లేదు, మాకు ఉప్పు గాలే ఉంది అంటారా? నిజమే. చీరాలలో మంచంటే ఐసు ఫ్యాక్టరీలో దొరికేదే, అదీ ఓడరేవు చేపలకి. కానీ ఈ మోస్క్వినాకి వరసైన మనిషి మా పక్కనే పుట్టాడు. ఇంకొల్లు దగ్గర నాగండ్ల. ఆ ఊళ్ళో 1973 నవంబరు 16న పుట్టాడు పుల్లెల గోపీచంద్. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుంచి మాతోబాటు బాపట్ల జిల్లా. సినిమావాళ్ళ లెక్కలో మాది దగ్గుబాటి రామానాయుడి కారంచేడు పక్కూరు, ఆటలవాళ్ళ లెక్కలో గోపీచంద్ నాగండ్ల పక్కూరు. చీరాల వాడిగా ఈమాత్రం గొప్ప చెప్పుకోకపోతే ఎలా?

పెరిగింది ఇక్కడ కాదనుకోండి. ఆట నేర్చింది హైదరాబాదులో, ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర. ఆ తర్వాత బెంగుళూరులో ప్రకాశ్ పదుకోనే దగ్గర. ఆయనెవరంటారా? 'కల్కి 2898 ఏడీ'లో కనిపించిన దీపికా పదుకోనే నాన్నగారు! 1980లో ఆలిండియాకి మొదటిసారి ఆల్ ఇంగ్లండ్ టైటిలు తెచ్చిన మొనగాడు.

1994లో పూణే జాతీయ క్రీడల్లో గోపీచంద్ మోకాలు పోయింది. ఏ ఆటలో అనుకున్నారు? డబుల్స్‌లో! జంటాటలో. మోకాలి లోపలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లయ్యాయి. అంతటితో ఆట సరి అన్నవాళ్ళే ఎక్కువ. ఆ మోకాలితోనే 1996 నుంచి 2000 దాకా వరసగా ఐదేళ్ళు జాతీయ సింగిల్స్ చాంపియను. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రకాశ్ తర్వాత ఇరవయ్యొక్క ఏళ్ళకి. కూల్‌డ్రింకు కంపెనీ వాళ్ళు ప్రకటనకి పిలిస్తే, ఆ తాగుడు ఆరోగ్యానికి మంచిది కాదు, నేను తాగను, తాగమని చెప్పను అన్నాడు. మన హీరోలెవరైనా... సరే, వద్దులెండి, నాకు ఈ పత్రికలో మళ్ళీ రాయాలని ఉంది!

ఇంటర్వెల్ తర్వాతే అసలు కథ.

2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలిచ్చింది. నేల ఉంది, కట్టడానికి డబ్బు లేదు. ఇల్లు తాకట్టు పెట్టాడు. ఇంట్లో ఇల్లాలు పి.వి.వి. లక్ష్మి కూడా ఒలింపిక్సులో ఆడిన బాడ్మింటన్ మనిషి కాబట్టి సరిపోయింది, మరో ఇల్లాలైతే ఏమనేదో! నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్లిచ్చారు. షరతు ఒకటే, బాడ్మింటన్‌లో ఒలింపిక్ పతకం రావాలి. 2008లో అకాడమీ తెరిచారు. 2012లో లండన్లో సైనా నెహ్వాల్ కాంస్యం తెచ్చింది. బాకీ తీరింది.

2016లో సింధు సంగతి మీకందరికీ తెలుసు. రియోకి ముందు మూడు నెలలు ఆ పిల్ల చేతిలో ఫోను లేకుండా తీసేసుకున్నాడు. ఐస్‌క్రీం కూడా బందు. రజతం వచ్చాక ఫోను తిరిగిచ్చి, ఇక నీ ఇష్టం వచ్చింది తినమ్మా అన్నాడు. ఆ పిల్ల ఫైనల్లో ఆడుతున్నప్పుడు మా వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. గుంటలోంచి లేచి వచ్చి టీవీల ముందు నిలబడ్డారు నేతగాళ్ళు. స్కోరెలా లెక్కపెడతారో సగంమందికి తెలీదు, అయినా నిలబడ్డారు.

శిష్యులు వస్తారు, పోతారు. సైనా 2014లో విమల్‌కుమార్ దగ్గరికి బెంగుళూరు వెళ్ళింది, 2017లో తిరిగొచ్చింది. సింధు టోక్యో కాంస్యం 2021లో తెచ్చినప్పుడు పక్కన కూర్చున్నది కొరియా కోచ్ పార్క్ తే-సాంగ్. గీత అవతల కుర్చీలో కూర్చునేవాడి బతుకు అంతే. కుర్చీ ఉంటుంది, మనిషి మారుతుంటాడు.

అయితే పాఠకులారా, జంటల కబుర్లని మొదలెట్టి సింగిల్స్ వాళ్ళ గురించి చెబుతున్నానని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. గుత్తా జ్వాల కూడా అదే అడిగింది! గట్టిగా, పదిమంది ముందు, ఎన్నోసార్లు. డబుల్స్‌ని చిన్నచూపు చూస్తున్నారనీ, కోచ్‌లూ లేరు, ఆదరణా లేదనీ. 2010 కామన్వెల్తు బంగారం, 2011 ప్రపంచ పోటీల్లో కాంస్యం, రెండూ అశ్వినీ పొన్నప్పతో కలిసి గెలిచిన మనిషి ఆవిడ. 'గుండెజారి గల్లంతయ్యిందే'లో పాటకి డాన్సు చేసింది, ఆ జ్వాలే. ఆవిడ మాట తీరు నచ్చనివాళ్ళున్నారు గానీ, మాటలో పస లేదనడానికి నాకు నోరు రాదు. సింగిల్స్‌లో గెలిస్తే పోస్టరు మీద ఒకే ముఖం వెయ్యొచ్చు. రెండు ముఖాలంటే ప్రకటనలవాళ్ళకి కూడా తడబాటే.

గుంటూరు కుర్రాడు కిడాంబి శ్రీకాంత్ కథ వినండి. అకాడమీకి వచ్చినప్పుడు డబుల్స్ ఆటగాడు. గోపీచంద్ అతన్ని సింగిల్స్‌కి మార్చాడు. 2014లో చైనాలో లిన్ డాన్‌ని ఓడించాడు, 2017లో ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచాడు. గోపీచంద్ కన్ను తప్పు కాలేదు. కానీ అతన్ని సింగిల్స్‌కి పంపిననాడు డబుల్స్‌లో ఒక చోటు ఖాళీ అయిందిగా?

ఈ ప్రశ్న నన్ను ఎందుకు ఇంతలా కుట్టిందో చెప్పాలంటే మా బావని పరిచయం చెయ్యాలి.

మా మేనత్త కొడుకు. నాకంటే మూడేళ్ళు పెద్ద. చిన్నప్పుడు మేమిద్దరం డబుల్స్ జంట. మా తాతయ్యల కాలంలో ఇటువైపు బాల్ బాడ్మింటన్ జోరు, పచ్చటి ఉన్ని బంతి, జట్టుకి ఐదుగురు. మా కాలానికి కాక్ వచ్చింది. స్కూల్లో డ్రిల్లు మాస్టారు మా ఆట చూసి ఒకటే మాట అనేవారు: "ఇద్దరూ బాగా కొడతార్రా. అందుకే ఓడిపోతున్నారు." మధ్యలో పడే కాక్‌కి ఇద్దరం ఎగబడేవాళ్ళం, లేదంటే ఇద్దరం వదిలేసేవాళ్ళం. మాస్టారు మా ఇద్దరి నడుములకీ ఒక పడుగు తాడు కట్టి ఆడించారు, నిజంగా! ఒకడు ముందుకెళితే రెండోవాడు పక్కకి రావాల్సిందే, లేకపోతే తాడు లాగేస్తుంది. నేతగాళ్ళ ఊళ్ళో తాళ్ళకేం కొదవ. ఒక నెలకి తాడు విప్పేశారు, కాళ్ళకి మాత్రం అది గుర్తుండిపోయింది.

నేను చదువనీ ఉద్యోగమనీ పక్కకి తప్పుకున్నాను. బావ తప్పుకోలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో ఆటల మాస్టారు. పొద్దున ఐదింటికే కోర్టు దగ్గరుంటాడు. ఇరవైమంది పిల్లలు. అరిగిన కాక్‌లు పారెయ్యడు, ఈకలు సరిచేసి చిన్నపిల్లలకిస్తాడు.

వాళ్ళలో ఇద్దరమ్మాయిలు. ఒకమ్మాయి పేరాల నేతగాడి కూతురు, పద్నాలుగేళ్ళు, చామనచాయ, పొడుగు, కొడితే కాక్ నేలకి అంటుకుపోతుంది. రెండో అమ్మాయి ఓడరేవు వైపు చేపల వ్యాపారం ఇంటిది, పదమూడేళ్ళు, పొట్టి, నెట్టు దగ్గర పిల్లిలా ఉంటుంది. విడివిడిగా చూస్తే ఒకమ్మాయి బాగా ఆడుతుంది, ఇంకొకమ్మాయి ఫరవాలేదు. కలిపి చూడాలి! నోట మాట లేకుండా చోట్లు మార్చుకుంటారు. ఆ మధ్య సెలవులకి వెళ్ళి, కోర్టు పక్క బల్లమీద కూర్చుని గంటసేపు చూశాను. టిక్కెట్టు పెట్టినా కొనేవాణ్ణి.

"తాడు కట్టావా బావా?" అనడిగాను.

"లేదురా. ఈళ్ళకి పుట్టుకతోనే ఉంది," అన్నాడు.

పోయిన ఏడాది ఒక పోటీలో నగరంలోని ఒక అకాడమీ వాళ్ళు చూశారు. పొడుగుపిల్ల నచ్చింది. ఉండడానికి చోటిస్తాం, ఫీజు తగ్గిస్తాం, పంపండి, సింగిల్స్ ఆడిస్తాం అన్నారు. మరి రెండో అమ్మాయి? "ఆ పిల్ల ఎత్తు చాలదు సార్" అన్నారట.

బావ రాత్రి పదకొండింటికి నాకు ఫోను చేశాడు. "ఏంచెయ్యమంటావురా?"

నేనేం చెప్పను? పంపకపోతే పొడుగుపిల్ల రేపు పదో తరగతి అయ్యాక పెళ్ళి సంబంధాల లెక్కల్లో పడుతుందేమోనని భయం. వాళ్ళ నాన్న మగ్గంమీద వచ్చేది తిండికే చాలదు. పంపితే, చేతుల్లో పెరిగిన జంటని కోచే కోసినట్టు. రెండోపిల్ల సింగిల్స్‌లో నెగ్గలేదు, అది బావకీ తెలుసు, ఆ పిల్లకీ తెలుసు.

"సాత్విక్‌ని చూడు బావా," అన్నాను. మా ఇద్దరికీ అతనంటే పిచ్చి. అమలాపురం కుర్రాడు, 2014లో గోపీచంద్ అకాడమీలో చేరాడు. ముంబాయి చిరాగ్ షెట్టీతో అతన్ని జతచేసింది మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్. మొదట ఇద్దరూ గునిశారు. ఇద్దరూ వెనకనుంచి బాదేవాళ్ళే, ముందుండేదెవరు? అచ్చం మా డ్రిల్లు మాస్టారి బాధ! టాన్ వినలేదు. 2019లో ఆయన వెళ్ళిపోయాడు. తర్వాత డెన్మార్క్ మథియాస్ బో వచ్చి ఆ మొండి వజ్రాన్ని సానబెట్టాడు. ఈ బో ఎవరంటే, మన 'ఝుమ్మంది నాదం' తాప్సీ భర్త. 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఈ జంట ఉంది. 2023లో ఇండోనేషియా ఓపెన్, ఆసియా క్రీడల బంగారం, ప్రపంచంలో ఒకటో ర్యాంకు. అదే ఏడాది సాత్విక్ స్మాష్ గంటకి 565 కిలోమీటర్లని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. 2024 పారిస్‌లో మాత్రం క్వార్టర్ ఫైనల్లో మలేషియా జంట చేతిలో ఓడారు. ఆ రాత్రి బావా నేనూ అన్నం తినలేదు.

"సాత్విక్‌కి అకాడమీ ఉందిరా, విదేశీ కోచులున్నారు. నా దగ్గరేముంది? ఈకలు సరిచేసిన కాక్‌లు," అన్నాడు బావ.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. గోపీచంద్ కూతురు గాయత్రి ఏమాడుతుందో తెలుసా? డబుల్స్! కేరళ అమ్మాయి ట్రీసా జాలీతో. 2022లో ఆల్ ఇంగ్లండ్‌కి రిజర్వు జాబితాలోంచి చివరి నిమిషంలో లోపలికొచ్చి సెమీఫైనల్ దాకా వెళ్ళారు. గాలివాటం అన్నారు జనం. 2023లో మళ్ళీ సెమీఫైనల్! తండ్రి మోకాలు డబుల్స్‌లో పోయింది, సింగిల్స్‌లో పేరొచ్చింది, సింగిల్స్ వాళ్ళనే తయారుచేస్తాడని మాట పడ్డాడు. కూతురు డబుల్స్ కోర్టులో నిలబడితే ఇప్పుడాయన గీత అవతల కూర్చుని రెండువైపులా చూడాల్సొస్తోంది. కూతుర్నీ, కూతురు కాని పిల్లనీ. మ్యాచి నడుస్తున్నప్పుడు ఆయన మొహం మీదే నా కళ్ళుంటాయి. ఏమీ కనిపించనివ్వడు. మహానటుడు!

బావ వారం రోజులు నిద్రపోలేదు. చివరికి పొడుగుపిల్లని పంపాడు. రైలెక్కించడానికి స్టేషనుకి రెండో అమ్మాయి కూడా వచ్చిందట. ఇద్దరూ ఏడవలేదట. బ్యాట్లు మార్చుకున్నారట, అంతే. "ఈ ముండలు ఏడిస్తే బావుండేదిరా, నేనూ ఏడ్చేవాణ్ణి," అన్నాడు బావ.

ఆ తర్వాత పదిరోజులు చిన్నది కోర్టుకి రాలేదు. పదకొండో రోజు తనే వచ్చింది. బావ ఇప్పుడు ఉన్నవాళ్ళలోంచి ఒక్కొక్కర్నీ ఆ పిల్ల పక్కన నిలబెట్టి చూస్తున్నాడు, మన నిర్మాతలు కొత్త హీరోయిన్ల కోసం చూసినట్టు. ఒకమ్మాయి భయపడుతుంది. ఒకమ్మాయి అన్నీ తనే కొడతానంటుంది. ఇంకా కుదరలేదు. పడుగు తాడు మళ్ళీ బయటికి తీశాడు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పిల్లకి ద్మిత్రియెవ్ కథ చెప్పాను. మంచుమీద బూట్లంటే నమ్మలేదు, ఫోనులో చూపించాను. 1992 జంటనీ, 1998 జంటనీ పక్కపక్కన పెట్టి చూసింది. మొదటి అమ్మాయే బాగుందని తేల్చింది. కాసేపాగి అడిగింది:

"రెండో ఆమెతో కుదరడానికి ఎన్నాళ్ళు పట్టింది మామయ్యా?"

"మూడేళ్ళకి బంగారం తెచ్చారమ్మా."

వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "అప్పటికి నేను ఇంటరు," అని, బ్యాటు తీసుకుని లోపలికెళ్ళి, కొత్తపిల్ల నడుముకి తాడు తనే కట్టింది.